జానకమ్మ ఏ ఊరి ఆడపడుచు?

చెన్నైలో తెలుగువాళ్ళు నలుగురు కూర్చుని పాత పాటల గురించి మాట్లాడుకుంటే ఎస్. జానకి పేరు రాకుండా ఉండదు. కానీ ఆవిడది ఏ ఊరు అని అడిగి చూడండి, చాలామంది కాసేపు ఆగుతారు. మద్రాసులోనే పుట్టి ఉంటారని ఒకరంటారు, మైసూరు వైపని ఇంకొకరంటారు. ఆవిడ పుట్టింది 1938 ఏప్రిల్ 23న, గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా పల్లపట్లలో. జిల్లాలు విడగొట్టాక ఇప్పుడది బాపట్ల జిల్లా. చిన్నతనంలో కొంతకాలం సిరిసిల్లలో గడిచింది, అది ఇప్పుడు తెలంగాణ. పాడినదంతా మద్రాసులో. చివరి కచేరీ 2017 అక్టోబర్‌లో మైసూరులో. ఇక మలయాళీలను అడిగితే జానకమ్మ మా గొంతే అంటారు, అందులో అబద్ధమేమీ లేదు కూడా.

ఇంతమంది మాదంటే మాదనే మనిషికి గౌరవం విషయంలో లోటు ఎలా వచ్చిందన్నది అసలు ప్రశ్న. అభిమానం తక్కువై రాలేదు. ఆవిడను గౌరవించే పని ఫలానా వాళ్ళదని ఎక్కడా రాసి లేకపోవడం వల్ల వచ్చింది. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, పెరిగిన ఊరు ఇంకో రాష్ట్రంలో, పని చేసిన ఊరు మూడో రాష్ట్రంలో, ఆ పని చేయించుకున్న తెలుగు సినిమా పరిశ్రమేమో మూటాముల్లే సర్దుకుని నాలుగో చోటికి వెళ్ళిపోతే, పండక్కి పుట్టింటి చీర ఎవరు పెట్టాలన్నది ఎవరికీ తట్టదు. పక్కవాళ్ళు పెట్టే ఉంటారులే అని ప్రతి ఇంటివాళ్ళూ అనుకుంటారు.

ఈ మాట జానకి గారికి ఇప్పటిదాకా వచ్చిన అవార్డులను తక్కువ చేయడానికి కాదు. నాలుగు జాతీయ అవార్డులు ఉన్నాయి: తమిళానికి రెండు, మలయాళానికి ఒకటి, తెలుగులో 1984 నాటి ‘సితార’కు ఒకటి. కేరళ ప్రభుత్వ అవార్డు పదిసార్లకు పైగా అందుకున్నారు, నందులు చాలా ఉన్నాయి. తమిళనాడు 1986లో కలైమామణి బిరుదు ఇచ్చింది, మైసూరు విశ్వవిద్యాలయం 2009లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇంత ఉండగా ఇంకా ఏం కావాలి అని ఎవరైనా అడగొచ్చు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఉత్తమ గాయని అవార్డు ఒక పాటకు ఇచ్చేది. ఆ ఏడు విడుదలైన సినిమాలు, ఆ ఏడు వచ్చిన దరఖాస్తులు, ఆ ఏడు కూర్చున్న కమిటీ, అంతవరకే దాని పరిధి. పాడుతున్నంత కాలం ఆ లెక్కలో పేరు ఉంటుంది, పాడటం ఆపిన మర్నాటి నుంచి ఉండదు. రిటైర్ అయిన కళాకారులకు కావాల్సింది వేరే రకం గౌరవం, మొత్తం జీవితాన్ని ముందు పెట్టుకుని చూసేది, అది దానంతటదే రాదు. ఎవరో ఒకరు పనిగట్టుకుని ప్రతిపాదించాలి, కాగితాలు నడపాలి, వెంటపడాలి. జానకి గారు 2016లో ఇక పాడనని ప్రకటించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే తెలుగువైపు అవార్డుల వ్యవస్థ కూడా ఆగిపోయింది. 2014, 15, 16 సంవత్సరాలకు నంది అవార్డులను 2017 నవంబర్‌లో ఒకేసారి ప్రకటించారు, ఆ తర్వాత నందుల ఊసే లేకుండా ఏళ్ళు గడిచాయి. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ పేరుతో సినిమా అవార్డులు మొదలుపెట్టింది. ఒక పాటగాడి పేరు పెట్టడం నిజంగా మంచి పని. అయితే వాటితోపాటు ఇచ్చే ప్రత్యేక అవార్డుల పేర్లు చూస్తే ఎన్టీఆర్, పైడి జైరాజ్, బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి–చక్రపాణి, కాంతారావు, రఘుపతి వెంకయ్య ఉన్నారు. అందరూ పెద్దవాళ్ళే, ఎవరినీ కాదనలేం, కానీ ఆ వరుసలో నేపథ్య గాయకుల పేరు ఒక్కటైనా ఉండాల్సింది. తెలుగు సినిమా అంటే జనం ముందుగా గుర్తు చేసుకునేది పాటనే కదా.

ఇప్పుడు 2013 సంగతి. ఆ ఏడు కేంద్రం పద్మభూషణ్ ప్రకటిస్తే జానకి గారు వద్దన్నారు. చాలా ఆలస్యమైందనీ, దక్షిణాది కళాకారులకు దక్కాల్సింది దక్కడం లేదనీ చెప్పారు, ఇస్తే భారతరత్న ఇవ్వండి అన్నారు. అప్పట్లో ఈ చివరి మాట ఒక్కటే పట్టుకుని గొడవ చేసినవాళ్ళు ఎక్కువ. పెద్దావిడకు ఇంత పట్టుదల ఎందుకు, ఇచ్చింది పుచ్చుకోవచ్చు కదా అన్నారు. అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే జానకి గారి మాటలో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. లతా మంగేష్కర్‌కు పద్మభూషణ్ 1969లో వచ్చింది, అప్పటికి ఆమెకు నలభై నిండలేదు. పి. సుశీల గారికి 2008లో వచ్చింది, డెబ్భై దాటాక. జానకి గారికి ప్రకటించేనాటికి డెబ్భై నాలుగు, 1957లో మొదటి పాట పాడి యాభై ఐదేళ్ళు అయింది. వాణీ జయరామ్‌కు 2023 జనవరి 25న ప్రకటించారు, ఫిబ్రవరి 4న నుంగంబాక్కంలోని తన ఇంట్లోనే ఆవిడ కన్నుమూశారు. పది రోజులు. పద్మం చేతికి తీసుకోలేదు. ఈ మూడు పేర్లూ చెన్నైవే, ముగ్గురూ తెలుగు పాటకు ప్రాణం పోసినవాళ్ళే, ముగ్గురి విషయంలోనూ ప్రభుత్వాలకు మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది.

ఎందుకిలా జరుగుతోంది? ఢిల్లీ చిన్నచూపు అనేస్తే ఒక్క మాటలో అయిపోతుంది, కానీ అది సగమే. మిగతా సగం ఐదారు భాషల్లో పాడటంలోనే ఉంది. హిందీలో వెయ్యి పాటలు పాడినవాళ్ళకు వెయ్యి పాటల పేరూ ఒకేచోట పోగుపడుతుంది. దక్షిణాదిలో తమిళానికి ఇన్ని, తెలుగుకు ఇన్ని, కన్నడానికి ఇన్ని, మలయాళానికి ఇన్ని అని పంచుకుపోతే, ఒక భాషవాళ్ళు పాడుకునే జానకి పాటలు ఇంకో భాషవాళ్ళు వినను కూడా వినరు. ఎవరి ముక్క వాళ్ళకు తెలుసు. ముక్కలన్నీ కలిపితే ఎంత పెద్ద పని అవుతుందో లెక్కగట్టిన చోటు లేదు. కన్నడవాళ్ళకు జానకి అంటే ఒకలా వినిపిస్తారు, తమిళులకు ఇళయరాజా పాటల గొంతుగా ఇంకోలా వినిపిస్తారు, మనకు సన్నాయి వెంట పోటీపడి పాడిన ‘నీలీల పాడెద దేవా’ దగ్గర నుంచి పసిపిల్ల గొంతుతో పాడిన పాటల దాకా మరోలా వినిపిస్తారు. ఏ భాష పాటైనా తెలుగు అక్షరాల్లో రాసుకుని, ఒక కాగితం చేతిలో పట్టుకుని, ఒంట్లో ఏ కదలికా లేకుండా నిలబడి, నవ్వూ ఏడుపూ అంతా గొంతులోనే చూపించిన మనిషి ఆవిడ. స్టేజి మీద ఆవిడ ముఖం చూస్తే ఏమీ జరగనట్టు ఉంటుంది, కళ్ళు మూసుకుని వింటే సినిమా మొత్తం కనిపిస్తుంది. కేరళలో పాట రికార్డులోకి ఎక్కడం వెనక ఆ తెలుగు అక్షరాలు ఉన్నాయన్న సంగతి తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సింది.

దాదాసాహెబ్ ఫాల్కే జాబితా తీసుకున్నా ఇదే కథ. పంకజ్ మల్లిక్, లత, ఆశా భోంస్లే, మన్నా డే, భూపేన్ హజారికా. ఇన్ని దశాబ్దాల్లో దక్షిణాది నుంచి నేపథ్య గానానికని ఒక్కరికీ రాలేదు. ఆ జాబితాలో సుశీల గారు లేరు, జానకి గారు లేరు, ఏసుదాసు లేరు, బాలు గారు అది అందుకోకుండానే పోయారు. జాతీయ అవార్డుల్లో గాయనులకు విడిగా విభాగం పెట్టాక మొట్టమొదటిది అందుకున్నది విజయనగరం అమ్మాయి సుశీల అన్న సంగతి గుర్తుపెట్టుకుని ఈ జాబితా చూస్తే కడుపు మండుతుంది.

పద్మ పురస్కారాలకు పేర్లు వెళ్ళే దారి కూడా చూడాలి. రాష్ట్ర ప్రభుత్వాలు, కేంద్ర శాఖలు పంపుతాయి, ఇప్పుడు మామూలు మనుషులు కూడా ఆన్‌లైన్‌లో పంపొచ్చు. రాష్ట్రం పేర్లు రాసేటప్పుడు సహజంగానే తమ ఊళ్ళో ఉన్నవాళ్ళను ముందు తలుచుకుంటుంది. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు గాయని విషయంలో అమరావతికి ఆవిడ చెన్నై మనిషి, హైదరాబాద్‌కు ఆవిడ ఆంధ్రా మనిషి. అటూ ఇటూ కాకుండా మధ్యలో పడిపోవడానికి ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు. ఈ విషయంలో తమిళనాడును మెచ్చుకోవాలి. 2024లో కలైజ్ఞర్ (కరుణానిధి) పేరిట ఇచ్చే కళా పురస్కారాన్ని సుశీల గారికి ఇచ్చారు, ముఖ్యమంత్రి స్వయంగా అందించారు. పుట్టింది తెలుగు గడ్డ మీద అని వాళ్ళు వెనకాడలేదు.

ఊరి గుర్తింపు ఎలా ఉంటుందో చూడాలంటే టి.ఎం. సౌందరరాజన్ సంగతి చూడండి. ఆయనది మదురై. పోయింది 2013లో. పదేళ్ళ తర్వాత 2023లో చెన్నై మందవెళిలో ఆయన ఉన్న రోడ్డుకు ఆయన పేరు పెట్టారు, అదే ఏడు మదురైలో విగ్రహం పెట్టారు. ఇల్లున్న ఊరూ పుట్టిన ఊరూ రెండూ స్పందించాయి. బాలు గారి విషయంలో కొంత నయం. ఆయన పుట్టిన కోనేటమ్మపేట ఇప్పుడు తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది, పెరిగిన బంధం నెల్లూరుతో. ఆయన పోయిన కొద్ది నెలల్లోనే నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. చెన్నై నుంగంబాక్కంలో ఆయన ఇల్లున్న కామ్‌దార్ నగర్ రోడ్డు 2025లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సాలై అయింది. ఆ బోర్డు కింద నిలబడి ఫొటోలు దిగుతున్న తెలుగువాళ్ళను చూస్తే సంతోషంగానే ఉంటుంది. కానీ ఇద్దరికీ జరిగినవన్నీ వాళ్ళు లేకుండా జరిగినవే. పద్మవిభూషణ్ కూడా బాలు గారికి 2021లో, పోయాకే ఇచ్చారు.

కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ గారిని ఈ సందర్భంలో తలుచుకోకుండా ఉండలేం. కెథెడ్రల్ రోడ్డు మీద డ్రైవ్-ఇన్ వుడ్‌ల్యాండ్స్ ఉన్న రోజుల్లో అక్కడికి వెళ్ళినవాళ్ళందరికీ ఆయన తెలుసు. నెత్తిన జరీ టోపీ, జేబు నిండా రంగురంగుల పెన్నులు, ఎదురుగా కాఫీ, ఎప్పుడూ ఏదో ఒకటి రాసుకుంటూ ఉండేవారు, ఎవరు పలకరించినా ఆప్యాయంగా మాట్లాడేవారు. కన్నడవాళ్ళకు ఆయన రాజ్‌కుమార్ గొంతు, ఈరోజుకీ బెంగళూరులో ఆయన పాటల కచేరీ అంటే జనం వస్తారు. 2013లో ఆయన పోయేనాటికి పద్మశ్రీ కూడా లేదు. ఆ హోటల్ ఉన్న చోట ఇప్పుడు సెమ్మొళి పూంగా ఉంది. ఆ పార్కులో రోజూ నడిచే తెలుగువాళ్ళలో ఆ చెట్ల కింద ఎవరు కూర్చునేవారో తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు.

పరిశ్రమ వైపు వస్తే అవార్డు కన్నా ముందు మాట్లాడాల్సింది డబ్బు, పేరు. ఆ రోజుల్లో గాయకులకు పాటకు ఇంత అని ఒక్కసారి ఇచ్చేవారు, దాంతో సరి. ఆ పాట తర్వాత రికార్డుగా, క్యాసెట్‌గా, సీడీగా, రింగ్‌టోన్‌గా, యాప్‌లో పాటగా ఎన్ని అవతారాలు ఎత్తినా పాడినవాళ్ళకు పైసా వచ్చే దారి చట్టంలోనే లేదు. ప్రదర్శన ఇచ్చేవాళ్ళకు హక్కు అనేది మన కాపీరైట్ చట్టంలోకి 1994 సవరణతో వచ్చింది, వ్యాపారంగా వాడుకుంటే రాయల్టీలో వాటా అన్నది 2012 సవరణతో వచ్చింది, దాన్ని వసూలు చేయడానికి గాయకులు సంఘం పెట్టుకున్నది 2013లో. జానకి గారు తీరిక లేకుండా పాడిన ఏళ్ళు చాలామటుకు వీటన్నిటికీ ముందువి. పైగా సౌండ్ రికార్డింగ్ మీద కాపీరైట్ అరవై ఏళ్ళే కాబట్టి, 1957లో ఘంటసాల గారితో కలిసి ‘ఎం.ఎల్.ఏ.’ సినిమాకు పాడిన పాట లాంటివి ఆ గడువు దాటిపోయాయి. అంటే చట్టం గాయకుల దగ్గరికి వచ్చేసరికి పాట చట్టాన్ని దాటి వెళ్ళిపోయింది. ఎవరినీ తిట్టి లాభం లేదు, కానీ ఆ పాటల మీద దశాబ్దాలు వ్యాపారం చేసిన పరిశ్రమ తనంతట తాను ఒక నిధి పెట్టి పాత గాయకులకు, వాద్యకారులకు నెలనెలా ఇంత అని ఇస్తే అది దానం కాదు, పాత బాకీ.

పేరు సంగతి ఇంకా బాధగా ఉంటుంది. పాత పాటలు ఇప్పుడు యాప్‌లలో దొరుకుతున్నాయి, వీడియోలుగా దొరుకుతున్నాయి. చాలా చోట్ల హీరో హీరోయిన్ల పేర్లు ఉంటాయి, పాడినవాళ్ళ పేరు ఉండదు. ఉన్నచోట సుశీల గారి పాటకు జానకి గారి పేరు, జానకి గారి పాటకు ఇంకొకరి పేరు కనిపిస్తుంది. డబ్బింగ్ సినిమాల పాటలైతే మరీ గందరగోళం. ఇరవై ఏళ్ళ పిల్లలకు ఆ యాప్‌లో ఉన్నదే చరిత్ర. 1989లో వచ్చిన ‘మౌనపోరాటం’ సినిమాకు సంగీత దర్శకత్వం వహించింది జానకి గారే అని ఎంతమందికి తెలుసు? తెలుగు సినిమాలో సంగీత దర్శకత్వం చేసిన ఆడవాళ్ళు చాలా తక్కువ: భానుమతి, ‘చిన్నారి పాపలు’ చేసిన పి. లీల లాంటివాళ్ళ పక్కన చెప్పుకోవాల్సిన పేరు ఇది, కానీ గాయని అన్న ఒక్క మాట కింద అదంతా కప్పబడిపోయింది.

తెలుగు పరిశ్రమ హైదరాబాద్ వెళ్ళడం మంచిదే, వెళ్ళాల్సిందే. అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చిన డెబ్భైల నుంచి తొంభైల దాకా మెల్లగా అంతా తరలింది. కెమెరాలు వెళ్ళాయి, ఆఫీసులు వెళ్ళాయి, హీరోలు వెళ్ళారు. వెళ్ళనివి ఇక్కడే ఉండిపోయాయి. విజయా వాహినీ స్టూడియో ఉన్న వడపళనిలో ఇప్పుడు ఆస్పత్రి, మాల్ ఉన్నాయి. మ్యూజిక్ డైరెక్టర్ చెయ్యి ఎత్తితే నలభై, యాభై మంది వాద్యకారులు ఒకేసారి వాయిస్తుంటే గాయని ఒక్క టేక్‌లో పాడాల్సి వచ్చిన ఆ రోజులు, ఒక్కరు తప్పినా మళ్ళీ మొదటి నుంచి అందరూ పాడి వాయించిన ఆ రికార్డింగులు, వాటికి సాక్షులు ఇంకా కోడంబాక్కం, సాలిగ్రామం చుట్టుపక్కల ఇళ్ళలో ఉన్నారు. వయొలిన్ వాయించినవాళ్ళు, తబలా వాయించినవాళ్ళు, కోరస్ పాడినవాళ్ళు. ఏ పాట ఏ థియేటర్లో ఏ పూట రికార్డ్ అయిందో, ట్రాక్ ఎవరు పాడారో, ఏ పాటకు జానకి గారు స్టూడియోకి వచ్చాక చరణం మార్చారో చెప్పగలిగినవాళ్ళు వాళ్ళే. హైదరాబాద్‌లో ఎంత డబ్బు పెట్టినా ఈ సమాచారం దొరకదు.

అందుకే చెన్నై తెలుగు సంఘాలకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన పని ఉంది. ఇక్కడ టి. నగర్‌లో ఆంధ్రా సోషల్ అండ్ కల్చరల్ అసోసియేషన్ (ఆస్కా) ఉంది, మైలాపూర్‌లో అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది, పండగలకు పబ్బాలకు సభలు జరుగుతూనే ఉంటాయి, జరగాలి కూడా. సభ పెట్టి శాలువా కప్పి జ్ఞాపిక చేతికిచ్చి ఫొటో దిగడం గౌరవమే, కాదనలేం. కాకపోతే పెద్ద వయసు వచ్చిన మనిషికి గంటన్నర వేదిక మీద కూర్చోవడమే కష్టం, మైకులో ఒక్క పల్లవి పాడండి అని బతిమాలడం ఇంకా కష్టం. పాడటం ఆపేస్తానని చెప్పినవాళ్ళను పాడమని అడగకపోవడం కూడా మర్యాదే. వేదిక మీదికి పిలవకుండానే చేయగలిగిన పనులు ఉన్నాయి. ఆవిడ తెలుగులో పాడిన ప్రతి పాటకూ సినిమా, సంవత్సరం, రాసినవారు, స్వరపరిచినవారు, కలిసి పాడినవారు, రికార్డ్ చేసిన థియేటర్ ఇవన్నీ సరిచూసిన ఒక జాబితా తయారు చేయడం అందులో మొదటిది. పాటల పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డుల మీద ముద్రించిన పేర్లు, సినిమా టైటిల్స్ పక్కన పెట్టుకుని ఒక్కో పాటా పోల్చుకోవాలి. చేయగలిగిన రసికులు ఈ ఊళ్ళో ఉన్నారు, ఒక్కొక్కరి ఇంట్లో అలమారల నిండా రికార్డులు, పాటల పుస్తకాలు ఉన్నాయి, అవి వాళ్ళ తర్వాత పాత కాగితాలవాడి బండెక్కకుండా చూసుకోవాలి.

పుట్టిన ఊరు చేయాల్సింది ఇంకోటి. విగ్రహాల గురించి తొందర లేదు. పల్లపట్లలోనో రేపల్లెలోనో సాయంత్రం పూట పిల్లలకు పాట నేర్పే ఒక బడికి ఆవిడ పేరు పెట్టి, టీచర్‌కు జీతం ఆగకుండా చూస్తే చాలు. ఆవిడ చిన్నప్పుడు నేర్చుకున్నది కూడా పెద్ద కాలేజీలో కాదు, పైడిస్వామి అనే నాదస్వర విద్వాంసుడి దగ్గర కొంతకాలం, మిగతాదంతా విని పట్టుకున్నదే. నెల్లూరు బాలు గారికి చేసింది, విజయవాడ సంగీత కళాశాలకు ఘంటసాల గారి పేరు ఉంది, అంటే ఇది కొత్తగా కనిపెట్టాల్సిన దారేమీ కాదు. ఒక జీవో, ఒక గది, ఒక హార్మోనియం, నెలనెలా ఒక జీతం. దాన్ని ప్రారంభించే రోజు ఆవిడ ప్రయాణం చేసి రాలేకపోయినా ఫరవాలేదు, ఫోన్‌లో పిల్లల పాట వినిపించవచ్చు.

చెన్నైలో ఆ జాబితా పనికి మాత్రం గడువు ఉంది. ఆనాటి వాద్యకారుల్లో చాలామంది ఎనభైల్లో ఉన్నారు. వడపళని, సాలిగ్రామం వీధుల్లో వాళ్ళ ఇళ్ళకు ఒక రికార్డర్ పట్టుకుని వెళ్ళి, ముందుగా ఫోన్ చేసి, వాళ్ళకు ఓపిక ఉన్న పూట కూర్చుని, పాటలు ఒక్కొక్కటే వినిపిస్తూ అడగాలి. ఒక్కో పాటకు ఒక్కో పూట పట్టినా సరే.